నీలి చుక్క కాలవ దాటింది

కొత్త ఫోన్ కొన్న మొదటి వారం మనమంతా ఏం చేస్తాం? ముందు కెమెరా చూస్తాం. రాత్రిపూట చందమామని ఫొటో తీసి స్టేటస్‌లో పెడతాం. ఛార్జింగ్ ఎంత సేపట్లో ఎక్కుతోందో గడియారం దగ్గర పెట్టుకుని మరీ లెక్కేస్తాం. జీపీఎస్ ఎలా పనిచేస్తోందో మాత్రం ఎవరూ చూడరు. నేనూ చూడలేదు. చూడాల్సి వచ్చింది ఓ రాత్రి పదకొండున్నరకి, బాత్రూం గుమ్మంలో జారిపడ్డ అమ్మమ్మ పక్కన కూచుని.

మాది సామర్లకోట. రైల్వే వాళ్లకి మాత్రం ఇప్పటికీ సామల్‌కోట్ జంక్షనే. ఒక ఊరికి రెండు పేర్లుంటే ఫోనులో వెతుక్కునేవాడికి ఎంత తంటానో, కార్తీకమాసంలో పంచారామాల టూరుకొచ్చే వాళ్లని అడగండి, చెప్తారు. కానీ మా ఇల్లు భీమేశ్వరస్వామి గుడి వైపు కాదు, కాలవ వైపు. అవతల గట్టు మీద తారురోడ్డు, ఇవతల గట్టు మీద మట్టిరోడ్డు. మాది ఇవతల గట్టు. కాలవ వెడల్పు మహా అయితే నలభై మీటర్లు. వంతెన మాత్రం కిలోమీటరున్నర దూరం.

ఈ మూడు కొలతలూ కాస్త గుర్తుంచుకోండి, కథంతా వాటిలోనే ఉంది.

అమ్మమ్మ లేవలేకపోతోంది. కాలు కదిపితే అరుస్తోంది. మావయ్య దగ్గర ఒక అంబులెన్స్ డ్రైవర్ నంబరుంటే చేశాం. పాపం వెంటనే ఎత్తాడు. "అడ్రస్ వద్దండి, లొకేషన్ పెట్టెయ్యండి, వచ్చేస్తాను" అన్నాడు. వాట్సాప్ తెరిచాను, లొకేషన్ నొక్కాను, పంపేశాను. నాలుగు సెకన్ల పని. కొత్త ఫోన్ కదా, మనసులో కాస్త గర్వం కూడా.

పావుగంటకి ఫోన్ మోగింది. "సార్, లొకేషన్ కాడికి వచ్చేసానండి. ఇక్కడ ఇల్లు లేదండి. కొబ్బరి తోటుందండి."

వీధిలోకి పరిగెత్తాను. కాలవ అవతల గట్టు మీద ఎర్రలైటు గిరగిరా తిరుగుతోంది. బండి కనిపిస్తోంది. బండి దిగి ఫోన్ చెవిన పెట్టుకున్న మనిషి కనిపిస్తున్నాడు. నేను టార్చి వేసి చెయ్యి ఊపాను. ఆయనా ఊపాడు. మధ్యలో నీళ్లు.

అప్పుడు అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "బాబూ, వెనక్కి తిప్పుకుని వంతెనెక్కు. దిగాక కుడిచేతి పక్కకి. రైసుమిల్లు దాటాక పెద్ద రావిచెట్టు, దాని కింద వినాయకుడుంటాడు. అక్కణ్ణించి మూడో ఇల్లు. నేను లైటు పట్టుకుని వీధిలో నిలబడతాను." మట్టిరోడ్డు మీద గోతులు చూసుకుంటూ ఆ బండి రావడానికి ఇంకో పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

తుంటి ఎముక విరిగింది. కాకినాడలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్‌తో వంటింటి దాకా వెళ్లి, అమ్మ చేసే పప్పుచారుకి వంకలు పెడుతోంది. ఆ పద్దెనిమిది నిమిషాల వల్ల నష్టమేం లేదన్నారు డాక్టరు గారు. ఎముక కాబట్టి ఆగింది. ఆవిడకి గుండెనొప్పి మందులు కూడా ఉన్నాయి. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మూడో రోజు నుంచి పరిశోధన మొదలెట్టాను. మొదట్లో నా ఉద్దేశం తేలికే: ఫోన్ డొక్కుది, షాపువాడి మొహాన కొట్టాలి.

కానీ అంతకు ముందు ఒక పని చేశాను. అదే బాత్రూం గుమ్మంలో, రాత్రిపూటే, అలాగే కూచుని వాట్సాప్‌లో లొకేషన్ తెరిచాను. పంపే బటన్ కింద చిన్నక్షరాల్లో ఒక మాట ఉంటుంది, మీరూ చూసే ఉంటారు, చదివుండరు: ఇన్ని మీటర్ల వరకు ఖచ్చితం అని. నాకు అక్కడ 65 అని వచ్చింది. ఆ రాత్రి కూడా అంతో ఇంతో అలాగే వచ్చుంటుంది. ఫోన్ నాకు నిజమే చెప్పింది. "నువ్వెక్కడున్నావో నాకు సరిగ్గా తెలీదు బాబూ" అంది. నేను చదవకుండా నొక్కేశాను.

మ్యాప్‌లో నీలి చుక్క చుట్టూ లేతనీలం వృత్తం కనిపిస్తుందే, దాని అర్థం అదే. చుక్క ఉన్న చోటే మీరున్నారని కాదు, ఆ వృత్తంలో ఎక్కడో ఉన్నారని. అది కూడా గ్యారంటీ కాదండోయ్. ఆండ్రాయిడ్ లెక్కలో ఆ వృత్తంలో మీరు ఉండే అవకాశం 68 శాతం. అంటే దాదాపు మూడుసార్లకి ఒకసారి మీరు ఆ వృత్తం బయటే ఉంటారన్నమాట. ఈ సంగతి తెలిశాక నాకు ఆ చుక్క మీద ఉన్న భక్తి సగం పోయింది.

అసలు అదెలా లెక్కేస్తుందో చూస్తే, తప్పిందంటే ఆశ్చర్యం వేయదు, తప్పకపోతేనే ఆశ్చర్యం వేస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఒక్కోదాంట్లో పరమాణు గడియారం. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైమింత" అని నిరంతరం చెబుతూనే ఉంటాయి. ఆ మాట మన ఫోన్‌కి చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా వినిపించిందో చూసి, ఎంత దూరంలో ఉందో ఫోన్ లెక్కగడుతుంది. అలా కనీసం నాలుగు ఉపగ్రహాలు వినపడితే మన చోటు తేలుతుంది. చోటుకి మూడు చాలవా, నాలుగోది ఎందుకంటే, మన ఫోన్‌లో ఉన్నది చవక గడియారం. దాని తప్పుని దిద్దడానికి నాలుగోది. లెక్కలో సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చిందా, మనం 300 మీటర్లు పక్కకి జరిగిపోతాం. మా కాలవని ఏడుసార్లు దాటొచ్చు.

ఐన్‌స్టీన్ కూడా ఇందులో ఉన్నాడు. అంత ఎత్తులో, అంత వేగంతో తిరిగే గడియారం మన గడియారం కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. ముందే ఆ లెక్క సరిచేసి పంపకపోతే, తప్పు రోజుకి పది కిలోమీటర్లు దాటుతుంది. సామర్లకోటలో ఉన్నవాడు ఒక్క రోజులో కాకినాడ దారి పట్టేస్తాడు.

ఇంత దూరం నుంచి వచ్చే సిగ్నల్ మన దగ్గరికొచ్చేసరికి చాలా నీరసంగా ఉంటుంది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మోగుతుంటే వీధి చివర ఎవరో గుసగుసలాడినట్టు. ఆరుబయట ఆకాశం కనిపిస్తుంటే వినపడుతుంది. మామూలు ఫోన్‌కి అలాంటి చోట అయిదు మీటర్ల లోపు తప్పు రావడం సహజం. స్లాబ్ కిందకి వెళ్తే కాంక్రీటూ ఇనప ఊచలూ ఆ గుసగుసని మింగేస్తాయి. కిటికీలోంచి లోపలికి దూరేది కూడా చాలావరకు తిన్నగా రాదు, ఎదురింటి గోడకో వాటర్ ట్యాంకుకో తగిలి చుట్టు తిరిగి వస్తుంది. చుట్టు తిరిగింది కాబట్టి ఆలస్యం. ఆలస్యమైంది కాబట్టి మనం దూరంగా ఉన్నామని ఫోన్ అనుకుంటుంది. మా బాత్రూం గుమ్మం ఇంటికి నట్టనడుమ. పైన స్లాబ్, ఆ పైన నీళ్ల ట్యాంకు. ఇంకేం కావాలి.

పొద్దున్నే గట్టు మీదకి వెళ్లి నిలబడ్డాను. రెండు నిమిషాల్లో నాలుగు మీటర్లు. సాక్షాత్తూ నా కాళ్ల దగ్గరే చుక్క. ఫోన్ డొక్కుది కాదని అక్కడ తేలిపోయింది. షాపువాడు బతికిపోయాడు.

అయితే అమ్మ ఫోన్ సంగతేంటి? నాలుగేళ్ల నాటిది, తెర మీద గీతలు. దాన్ని అదే గుమ్మంలో పెట్టి చూస్తే 15 మీటర్లు! ఇక్కడ నాకు చాలా అవమానం అనిపించింది. అరగంట రెండు ఫోన్ల సెట్టింగ్సూ పక్కపక్కన పెట్టి చూస్తే దొరికింది. కొత్త ఫోన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు వరసపెట్టి ప్రశ్నలు అడుగుతుంది కదా, అది ఇవ్వనా ఇది ఇవ్వనా అని. ప్రైవసీ మీద ఒక వీడియో చూసి, తెలివైనవాణ్ణనుకుని అన్నిటికీ వద్దు వద్దు అని నొక్కాను. అందులో 'లొకేషన్ అక్యురసీ' కూడా పోయింది. అది ఆన్‌లో ఉంటే ఫోన్ ఆకాశం వైపే కాదు, చుట్టుపక్కల వైఫైల వైపూ సెల్ టవర్ల వైపూ కూడా చూసి లెక్క సరిచేసుకుంటుంది. అమ్మ అన్నిటికీ సరే అని నొక్కే మనిషి. పక్కింటి మాస్టారి వైఫై అమ్మ ఫోన్‌కి గురుతు రాయి. నా ఫోన్‌కి ఆ రాయి లేదు, స్లాబ్ కింద ఒంటరిగా ఆకాశాన్ని వెతుక్కుంటోంది.

ప్రైవసీ వద్దని నేననను. ఆ స్విచ్ వేస్తే మన చుట్టూ ఉన్న సమాచారం కొంత కంపెనీకి వెళ్తుంది, ఆ మాట అక్కడే రాసుంటుంది. కానీ ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు దేన్ని ఆపుతున్నామో తెలిసి ఆపాలి. నాకు తెలీలేదు. ఇంకోటి, 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్‌కైనా సరైన చోటు ఇవ్వాలా, సుమారుగా ఇవ్వాలా అని కూడా అడుగుతోంది. ఆ సుమారు అంటే మన ఊరి మీద మూడు చదరపు కిలోమీటర్ల ముక్క. వాతావరణం చూసుకోడానికి చాలు. అంబులెన్స్‌కి చాలదు. వాట్సాప్‌కీ మ్యాప్‌కీ మీరు ఏది ఇచ్చారో ఇప్పుడే ఒకసారి చూడండి, ఈ వ్యాసం ఎక్కడికీ పోదు.

నా ఫోన్ కవరు వెనకాల అయస్కాంతం రింగు ఉండేది, కారులో అతికించుకోడానికి. మిత్రులు దాని మీద కూడా అనుమానం పడ్డారు. అది చుక్కని కదపదు. దిక్కుని కదుపుతుంది, ఎందుకంటే ఫోన్‌లో దిక్సూచి అయస్కాంతంతోనే పనిచేస్తుంది. మీ బాణం గుర్తు ఎప్పుడూ పెద్దాపురం వైపు తిరిగి ఉంటే కవరు తీసి, ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా నాలుగుసార్లు తిప్పండి.

ఇక షాపులో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. కెమెరా మెగాపిక్సెల్స్ చెప్తారు, ర్యామ్ చెప్తారు, 5జీ అని అట్టపెట్టె మీద అరచేతంత అక్షరాలు. జీపీఎస్ వింటున్నది ఒక పౌనఃపున్యమా రెండా అని అడిగితే మొహం చూస్తారు. చవక ఫోన్లు చాలావరకు ఎల్1 ఒక్కటే వింటాయి. 2018 నుంచి ఎల్5 కూడా వినే ఫోన్లు వచ్చాయి. గోడకి తగిలి వచ్చిన సిగ్నల్‌ని ఏరెయ్యడంలో ఎల్5 మెరుగు. మనలాంటి చోట ఇంకో లాభం కూడా. పైన అయనోస్ఫియర్ అనే విద్యుత్ పొర ఉంది, అది సిగ్నల్‌ని ఆలస్యం చేస్తుంది. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణ భారతం కొసన పోతుంది. అందువల్ల ఈ పొర మన నెత్తిన మహా చిలిపిది, ముఖ్యంగా పొద్దుగూకాక. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు దశాబ్దాలుగా దీని మీద పనిచేస్తున్నారు. రెండు పౌనఃపున్యాలు వినే ఫోన్ రెంటి ఆలస్యాలనీ పోల్చి ఆ తప్పుని చాలావరకు తీసెయ్యగలదు. ఒకటే వినేది అంచనా వేసుకోవాల్సిందే. నాది ఒకటే వినేది. పన్నెండు వేలకి అంతే మరి.

మన సొంత నావిక్ కూడా ఉంది కదా అంటారా? ఉంది. మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. ఏడింటి వరసలో చివరిది 2016 ఏప్రిల్‌లో. కానీ ఆ మొదటి ఉపగ్రహంలో విదేశాల నుంచి తెచ్చి పెట్టిన మూడు పరమాణు గడియారాలూ మొరాయించాయి. దాని బదులు 2017 ఆగస్టులో పంపింది రాకెట్ తల తొడుగు ఊడక లోపలే ఉండిపోయింది. 2023 మే నెలలో వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మనవాళ్లు స్వయంగా చేసిన గడియారం పెట్టారు, ఫోన్లన్నిటికీ అలవాటైన ఎల్1 సిగ్నల్ కూడా చేర్చారు. తర్వాతది 2025 జనవరి 29న, శ్రీహరికోట నూరో ప్రయోగం. రాకెట్ బాగానే వదిలింది, ఉపగ్రహం వాల్వ్ తెరుచుకోక అనుకున్న కక్ష్యకి చేరలేదు. కాబట్టి స్పెసిఫికేషన్లలో నావిక్ అని చూసి మురిసిపోకండి, ప్రస్తుతానికి మన చుక్కని మోస్తున్నది ఎక్కువగా పరాయివాళ్ల ఉపగ్రహాలే. ఆ పరాయివాళ్లు కూడా ఒకప్పుడు కావాలనే మామూలు జనానికి వంద మీటర్ల దాకా తప్పు కలిపి ఇచ్చేవాళ్లు. 2000 మే నెలలో మానేశారు. మానకపోయుంటే ఇవాళ ఏ డెలివరీ కుర్రాడూ ఏ గుమ్మమూ కనుక్కోలేడు.

సరే, సెట్టింగ్ మార్చాను. బాత్రూం గుమ్మంలో నా ఫోన్ కూడా 15కి దిగింది. పని అయిపోయిందనుకుని, ధైర్యం కోసం ఒక పరీక్ష పెట్టుకున్నాను. చుక్క సరిగ్గా మా ఇంటి మీదే ఉన్నప్పుడు లొకేషన్ మావయ్యకి పంపి, రైల్వేస్టేషన్ నుంచి దారి తియ్యమన్నాను. మావయ్య స్క్రీన్‌షాట్ పంపాడు.

దారి మళ్లీ అవతల గట్టు మీదకే పోయింది.

పిన్ మా ఇంటి మీద. దారి మాత్రం తారురోడ్డు మీద, కాలవ అవతల ఆగింది. అక్కణ్ణించి నీళ్ల మీదుగా మా గుమ్మం దాకా చిన్న చిన్న చుక్కలు, నడిచి వెళ్లమని. అప్పుడు అర్థమైంది. మ్యాప్‌లో మా మట్టిరోడ్డు లేనే లేదు! మ్యాప్ ఏం చేస్తుందంటే, పిన్‌కి దగ్గరలో తనకి తెలిసిన రోడ్డేదో వెతికి బండిని అక్కడ ఆపుతుంది. తనకి తెలిసింది అవతలిదే. మధ్యలో నీళ్లున్నాయా, గోడ ఉందా, రైలు పట్టాలున్నాయా అని చూడదు. ఆ రాత్రి నా ఫోన్ నాలుగు మీటర్ల లెక్కతో చెప్పినా ఆ అంబులెన్స్ కొబ్బరితోట దగ్గరే ఆగేది.

మరి ఇన్నేళ్లూ మాకు పార్సిళ్లు ఎలా వచ్చాయి? ఆ కుర్రాళ్లంతా మా ఊరివాళ్లు. వంతెన దగ్గరే ఫోన్ చేసి "రావిచెట్టు దగ్గరేనా అండీ" అని అడుగుతారు. చుక్కని నమ్మి వచ్చినవాడు ఆ డ్రైవర్ ఒక్కడే.

మ్యాప్‌లో రోడ్డు గీయించడం నాకో కొత్త అనుభవం. ఒకప్పుడు గూగుల్ మ్యాప్ మేకర్ అని ఉండేది, 2008లో మొదలైంది. లలితేశ్ కాట్రగడ్డ లాంటి ఇంజనీర్లు మన దేశం నుంచే దాన్ని నడిపారు. ఊరివాళ్లే తమ ఊరి రోడ్లు గీసేవాళ్లు. 2017లో మూసేశారు. ఇప్పుడు మ్యాప్‌లోనే 'రోడ్డు లేదు' అని చెప్పి గీత గీసి పంపే వీలుంది, ఎవరో పరిశీలించి ఒప్పుకోవాలి. ఎండలో ఆ మట్టిరోడ్డు మీద ఇటుచివర నుంచి అటుచివరకి నడిచి, వంతెన దగ్గర ఎక్కడ కలుస్తుందో గుర్తు పెట్టి పంపాను. మొదటిసారి తిరస్కరించారు. రెండోసారి రైసుమిల్లు, గుడి కూడా గుర్తులు పెట్టి పంపాను. పందొమ్మిది రోజులకి గీత వచ్చింది. సన్నగా, తెల్లగా, పేరు లేకుండా. ఆ రోజు నేను పొందిన ఆనందం ఫోన్ కొన్నప్పుడు కూడా పొందలేదు.

2025 మేలో తపాలాశాఖ తెచ్చిన డిజిపిన్ కూడా తీశాను. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి చేశారు. దేశాన్నంతా నాలుగేసి మీటర్ల గళ్లుగా కోసి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. వాకిట్లో, ఆకాశం కింద నిలబడి తియ్యాలి, లేకపోతే పక్కవాళ్ల గడి వస్తుంది. తీసి, ఫోన్ పక్కన గోడ క్యాలెండర్ మీద పెద్దక్షరాలతో రాశాను. దాని కిందే అమ్మ చెప్పిన దారి కూడా, వంతెన నుంచి మూడో ఇల్లు దాకా, ఆ రాత్రి ఎలా చెప్పిందో అలాగే రాశాను. అమ్మమ్మ వాకర్ మీద ఆనుకుని రెండూ చదివింది. "ఈ పైది ఏం మంత్రంరా?" అంది.

పోయిన వారం చెకప్‌కి కాకినాడ తీసుకెళ్లాలి. అదే డ్రైవర్‌ని పిలిచాను, ఈసారి అంబులెన్స్ కాదు, వాళ్ల బావ కారు. లొకేషన్ పెట్టనా అంటే, "వద్దండి బాబూ, తెలుసండి" అన్నాడు. వచ్చాక కారు ఎక్కుతుంటే నా ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఎక్కడో మరిచిపోయాను, ఒకసారి మోగించమని ఆయన్ని అడిగాను. ఆయన తెర మీద నా పేరు చూశాను. నా పేరు కాదది. "రావిచెట్టు మూడో ఇల్లు, ఇవతల గట్టు" అని ఉంది.